అంతర్జాల ధనార్జనము : కూలినేతయా, సొంతనేతయా?

(ఆదిలాబాదున జరిగిన పద్మశాలి కులబాంధవుల వార్షిక మహాసభయందు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చదివిన ఉపన్యాసము)

   

 మన సభలలో విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయములను తగ్గించుటను గూర్చియు, చేనేతవారి కష్టములను గూర్చియు ఉపన్యాసములు జరుగుట ఆచారము. అవి యన్నియు ముఖ్యవిషయములే. ఈ సంవత్సరము కార్యనిర్వాహకులు నాకు వేఱొక విషయము నిచ్చిరి. అంతర్జాలమున ఒక వెబ్‌సైటును నెలకొల్పి, దానియందు ఇతరుల ప్రకటనలకు చోటిచ్చి ధనము సంపాదించుట యెట్లు? అది మన యువకులకు జీవనోపాధి కాగలదా? అనునది యా విషయము. సంస్కృత వ్యాకరణము చెప్పుకొని బ్రతికిన వానికి ఈ ప్రసంగమేల యని కొందఱకు తోచవచ్చును. శబ్దమునకును అర్థమునకును గల సంబంధమును విచారించుట నా వృత్తి. ఇచ్చట శబ్దము వెబ్‌సైటునందున్నది. అర్థము బ్యాంకు ఖాతాలో పడవలసియున్నది. ఆ రెండింటికి గల సంబంధమును విచారింతము.

జీవనార్థము వలసపోవుట మన సీమవారికి క్రొత్త కాదు. మగ్గము కూడు పెట్టనపుడు మన తాతతండ్రులు షోలాపురమునకును భీవండికిని పోయిరి. తరువాతి తరమువారు దుబాయికిని మస్కటునకును పోయిరి. నేటి బాలుడు ఇల్లు కదలకుండ చేతిలోని ఫోనుతోనే ఆ దూరదేశముల ధనమును ఇంటికి రప్పింపగలనని తలచుచున్నాడు. ఆ తలంపు నవ్వదగినది కాదు. తల్లిదండ్రుల చెంతనే యుండి సంపాదింపగలిగినచో అంతకంటె భాగ్యమేమున్నది? అయితే ఆ యాసను కనిపెట్టి, నెలకు లక్షలు వచ్చునని నమ్మించి, శిక్షణ పేర వేలకొలది రూపాయలు గుంజువారును బయలుదేరిరి. తల్లి మెడలోని నగ కుదువకు పోయిన పిదప విచారించుట వ్యర్థము. కావున ఈ వ్యాపారపు కీలు బిడ్డలకే కాదు, వారికి డబ్బిచ్చు పెద్దలకును తెలిసియుండవలెను.

మొదట ప్రకటన యన నేమో చూతము. పత్రికను ప్రకటనలు పోషించుట మనవారికి చిరకాలపరిచితమైన పద్ధతియే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము నారంభించిరి. సంగీతసభలలో దానిని ఉచితముగా పంచిపెట్టి దాని పేరు వ్యాపింపజేసిరి. ఆ యౌషధముపై వచ్చిన లాభముతో 1908లో ఆ నగరముననే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసున దానిని దినపత్రికగా నడపసాగిరి. సరకు పత్రికను పోషించెను. పత్రిక సరకును జనులకు పరిచయము చేసెను. ఇందు గమనింపదగినదేమనగా, ఔషధమును పత్రికయు ఒక్క చేతిలోనివే. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు. చివర మనకు పనికివచ్చును.

అంతర్జాలమునందలి ప్రకటన తీరు వేఱు. వెబ్‌సైటుపై చిత్రఫలకమువంటి ప్రకటన 1994లో అమెరికాలో మొదట కనబడెను. 2003లో గూగుల్ సంస్థ యాడ్‌సెన్స్ అను ఏర్పాటును తెచ్చెను. దానితో చిన్న వెబ్‌సైటు గలవాడు ప్రకటనదారుల గుమ్మము తొక్కవలసిన పని లేకపోయెను. అతడు తన సైటులో కొంత చోటు విడిచిపెట్టును. పాఠకుడు పుట తెఱచిన క్షణముననే ఆ చోటు కొఱకు ప్రకటనదారుల మధ్య యంత్రములే వేలంపాట జరుపును. పాట గెలిచినవాని ప్రకటన అచ్చట కనబడును. ఒకే పుటను చూచు ఇద్దఱకు రెండు వేర్వేఱు ప్రకటనలు కనబడుట ఇందువలననే. ఒకనికి ట్రాక్టరు, మఱియొకనికి పట్టుచీర. వచ్చిన సొమ్ములో మధ్యవర్తులు తమ పాలు తీసికొనగా, నూటికి సుమారు 68 వంతులు సైటు యజమానికి చేరును. పూర్వము ప్రకటనను నొక్కినపుడే ముఖ్యముగా సొమ్ము వచ్చెడిది. 2024 మొదలుకొని ప్రకటన చూపబడిన లెక్కనుబట్టి చెల్లించుచున్నారు. యూట్యూబులో దీర్ఘమైన వీడియోలపై వచ్చు ప్రకటనల రాబడిలో నూటికి 55 వంతులు, కుఱుచ వీడియోలపై 45 వంతులు చేసినవానికి దక్కును.

మన భాషకు ఈ ద్వారము ఆలస్యముగా తెఱవబడెను. హిందీకి 2014లోనే యాడ్‌సెన్స్ అనుమతి దొరకగా, తెలుగునకు 2018లో దొరికెను. అంతకుముందు తెలుగున వ్రాయువాని సైటు ఎంత చక్కగా నున్నను ఆ సంస్థ తన ప్రకటనలకు దానిని అంగీకరించెడిది కాదు. నేడు అంగీకరించుచున్నది. అయినను ఆంగ్లపాఠకునకు చూపు ప్రకటనకంటె తెలుగుపాఠకునకు చూపు ప్రకటనకు ధర సాధారణముగా తక్కువ.

లెక్క వేసి చూచిన గాని విషయము మనస్సున కెక్కదు. ఒక పుట వేయిమాఱులు తెఱవబడినందుకు 50 రూపాయలు వచ్చెననుకొందము. ఇది లెక్క కొఱకు పెట్టుకొన్న అంకెయే గాని స్థిరమైన ధర కాదు. కాలమును విషయమును బట్టి అది హెచ్చును, తగ్గును. దినమునకు వేయి పుటలు తెఱవబడినచో నెలకు 1500 రూపాయలు. ఆ సంస్థ 100 డాలరులు నిండినగాని సొమ్ము పంపదు. అది మన లెక్కలో సుమారు తొమ్మిదివేల రూపాయలు. అనగా మొదటి సొమ్ము కంటబడుటకు ఆఱుమాసములు పట్టును. దినమునకు వేయిమంది రాకముందు పడిన శ్రమ ఈ లెక్కలో లేదు. ఆ వేయిమందిని రప్పించుటకే ఏడాది, రెండేండ్లు గడచిపోవచ్చును. పది డాలరులు నిండినపుడు చిరునామా నిర్ధారణకై ఒక సంకేతసంఖ్య గల యుత్తరము టపాలో వచ్చును. ఇంటి చిరునామా సరిగా వ్రాయనివాడు తపాలా జవాను కొఱకు నెలలు కనిపెట్టుకొని యుండవలసివచ్చును. పదునెనిమిదేండ్లు నిండని బాలుడు తన పేర ఖాతా తెఱవరాదు. వచ్చిన సొమ్ము ఆదాయపు పన్ను లెక్కలో చూపవలసినదే.

ఇంత చెప్పిన పిదప, ఇది నిష్ప్రయోజనమని నేను చెప్పబోవుచున్నానని తలంపకుడు. మన పొరుగుననే దీనికి గొప్ప నిదర్శన మున్నది. పూర్వపు కరీంనగరము జిల్లాలోనిదై, నేడు జగిత్యాల జిల్లాలో చేరిన మల్యాల మండలమున లంబాడిపల్లె యను చిన్నయూరు కలదు. ఆ యూరి యువకుడు శ్రీరాం శ్రీకాంత్ 2012లో ‘మై విలేజ్ షో’ అను పేర వీడియోలు తీయ నారంభించెను. కథ పల్లెది, భాష పల్లెది, వేషము పల్లెది. పొలము పనియు బీడీల పనియు చేసి బ్రతికిన మిల్కూరి గంగవ్వ ఆ వీడియోలలో నటించి తెలుగునాట ఇంటింట పరిచితురాలయ్యెను. అక్షరములు చదువనేరని యామె చెప్పిన మాట నాలకించి తన యాసలో తన తీరున పలుకును. 2020లో బిగ్‌బాస్ పోటీలో పాల్గొని, ఆరోగ్యము సరిపడక నడుమనే వెలికివచ్చి, తరువాత తన యూర ఇల్లు కట్టుకొనెను.

ఈ దృష్టాంతమునుండి మూడు సంగతులు గ్రహింపవలెను. మొదటిది : ఆ కీర్తి మొదలుపెట్టిన యేడాదిలో వచ్చినది కాదు, ఏండ్ల తరబడి ఓపికతో పని చేసిన పిదప వచ్చినది. రెండవది : వారు పట్టణమువారిని అనుకరింపలేదు. మన కరీంనగరము ఆదిలాబాదుల యాసను నలుగురిలో పలుకుటకు మనవారు సిగ్గుపడుచుండిరి. బడిలో ఆ మాట పలికిన బిడ్డను చూచి తోడివారు నవ్వుట నేనెఱుగుదును. ఆ యాసయే వారికి మూలధనమైనది. మూడవది : అది ఒక్కని పని కాదు. వ్రాయువాడొకడు, తీయువాడొకడు, కూర్చువాడొకడు, నటించువారు కొందఱు. ఊరు కలిసినది గనుక పని నిలిచినది.

ఇపుడు మన కులవృత్తి వైపు చూపు మరల్చుదము. భావనాఋషి తామరతూండ్ల నారతో దేవతలకు వస్త్రము నేసి యిచ్చెనని మన పురాణము చెప్పును. ఆ ఋషికి మగ్గము తనది, నేర్పు తనది. ఆయన సంతతివారమగు మనము క్రమముగా కూలినేతకు దిగితిమి. సిరిసిల్లలోని ఏర్పాటు మీరందఱు ఎఱుగుదురు. యజమాని నూలిచ్చును, ఆసామి తన మరమగ్గములపై బట్ట నేయించును, కార్మికుడు మీటరు లెక్కన కూలి తీసికొనును. బట్ట ఎచ్చట అమ్ముడుపోవునో, ఏ ధర పలుకునో కార్మికునకు తెలియదు. యజమాని పని ఆపిన దినమున మగ్గమును ఆగును, పొయ్యియు ఆగును.

ప్రకటనల సైటును ఈ యేర్పాటుతో సరిపోల్చి చూడుడు. వ్రాత నీది, ఒప్పుకొందును. కాని ప్రకటనదారుని నీవెఱుగవు. ధరను నీవు నిర్ణయింపవు. ఎన్ని పుటలు చూపబడినవో కొలుచు కొలబద్ద గూగుల్ చేతిలోనిది. పాఠకుడు నీ యింటికి వచ్చు బాటయు చాలవఱకు ఆ సంస్థ వెదుకుయంత్రము గుండనే పోవును. 2024లో ఆ సంస్థ వెదుకుపుటపైననే కృత్రిమమేధచే సమాధానమును కూర్చి చూపుట మన దేశమునను ఆరంభించెను. బాటమీదనే దాహము తీఱినవాడు బావివఱకు రాడు గదా! పుటకు పాఠకుడు రానిచో ప్రకటనయు లేదు, రాబడియు లేదు. ఖాతా నియమములకు విరుద్ధమని వారికి తోచినచో దానిని మూసివేయుదురు. అప్పుడు మొఱ పెట్టుకొనుటకు కచేరి గుమ్మము కనబడదు. పూరించి పంపవలసిన దరఖాస్తు మాత్రము కనబడును.

ఒక్క కొనుగోలుదారునిపై ఆధారపడుట యెంత ప్రమాదమో సిరిసిల్లవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. 2017 మొదలు ప్రభుత్వము బతుకమ్మ చీరల నేతను వారికిచ్చుచుండగా మగ్గములు కళకళలాడెను. 2024లో ఆ చీరల పని నిలిచిపోగా ఎన్ని మగ్గములు మూగవోయెనో, ఎన్ని కుటుంబములు కలత చెందెనో పత్రికలలో చదివితిమి. అందు నేతగాని నేర్పునకు లోపము లేదు. బేరము ఒక్కచోటనే యుండుట లోపము. వెబ్‌సైటు పెట్టినవానికిని ఇదియే పాఠము.

ఇక, తెలియక చెడువారు పడు గోతులు నాలుగున్నవి. వానిని చెప్పుట నా విధి.

మొదటిది బంధుప్రీతి. మన పిల్లవాడు సైటు పెట్టెనని తెలిసినచో మేనమామలు, బావమఱదులు, తోడి విద్యార్థులు అందఱును సాయము చేయుచున్నామనుకొని దినమునకు పదిమాఱులు ప్రకటనలను నొక్కుదురు. ఇది సాయము కాదు, సంహారము. తాను నొక్కినను, ఇతరులను నొక్కుమని కోరినను నియమవిరుద్ధము. యంత్రము దానిని కనిపెట్టినచో వచ్చిన రాబడి రద్దగును, ఖాతాయు పోవచ్చును. పెండ్లిలో కట్నము చదివించినట్లు ప్రకటనలను నొక్కరాదని ఇంటివారి కందఱకు ముందుగనే చెప్పుడు.

రెండవది ఎత్తివ్రాత. పరుల వ్యాసమును, పరుల చిత్రమును తన పేర పెట్టుకొనుట దొంగతనము. పరీక్షలో చూచివ్రాసిన విద్యార్థిని బడిలో పట్టుకొనుట మాకు కష్టముగా నుండెడిది. ఈ యంత్రములకు అంత కష్టము లేదు.

మూడవది జూదపు ప్రకటన. మన రాష్ట్రమున 2017లోనే చట్టమును సవరించి, పణమొడ్డి ఆడు అంతర్జాల క్రీడలను నిషేధించిరి. అయినను బెట్టింగు యాప్‌లను పొగడి వీడియో చేసినచో ఒక్క దినముననే నెలజీతమంత యిచ్చెదమని యువకులను ప్రలోభపెట్టువారున్నారు. 2025 మార్చిలో అట్టి ప్రచారము చేసిన సినిమావారిపైనను యూట్యూబువారిపైనను హైదరాబాదు ప్రాంతమున పోలీసులు కేసులు పెట్టిరి. అదే సంవత్సరము ఆగస్టులో కేంద్రప్రభుత్వము చేసిన చట్టము ప్రకారము అట్టి ప్రకటన చేసినవానికి రెండేండ్లవఱకు చెఱసాలయు, 50 లక్షల రూపాయలవఱకు జరిమానాయు విధింపవచ్చును. చట్టమటుండనిండు. ఆ యాటలో పొలము పోగొట్టుకొన్నవాడును, ప్రాణము తీసికొన్నవాడును ఎవని బిడ్డ? మన వీధిలోనివాడే. ధర్మమును విడిచిన అర్థము పురుషార్థమనిపించుకొనదు.

నాలుగవది ఇంతకుముందు చెప్పిన శిక్షణల మోసము. యాడ్‌సెన్స్ ఖాతా తెఱచుటకు రుసుము లేదు. బ్లాగర్ వంటి ఉచితస్థలమున ఒక్క రూపాయి లేకుండ వ్రాత మొదలుపెట్టవచ్చును. కావున ముందు డబ్బు కట్టుమనువాడు గురువు కాడు. సిద్ధముగానున్న ఖాతాను అమ్మెదననువాడు అంతకంటె చెడ్డవాడు. మోసపోయినవారు సిగ్గుపడి దాచుకొనక, వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము దొరకుట కష్టమగును.

అయినచో మార్గమేది? ప్రకటనల రాబడిని జీవనాధారముగా గాక, వేన్నీళ్లకు చన్నీళ్లవలె చూడుడు. అది చేయదగిన పనియే. దానిని సొంతనేతగా చేయుడు. సొంతనేత యనగా నాలుగు లక్షణములు.

ఒకటి, సొంత మగ్గము. చదువు వచ్చినకొలది ఉచితస్థలమును విడిచి, స్వల్పమైన వార్షిక రుసుముతో తన పేరనే చిరునామాను కొనుక్కొనవలెను. తాను వ్రాసినదానికి ప్రతులు తనయొద్ద దాచుకొనవలెను. రేపొక సంస్థ తలుపు మూసినను వ్రాత మిగులును, పేరు మిగులును.

రెండు, సొంత నూలు. ఎక్కడివాడైనను వ్రాయగలిగినదానిని మనము వ్రాయనక్కఱలేదు, యంత్రమే వ్రాయుచున్నది. మన జిల్లా మనకే తెలిసిన నూలు. ఆదిలాబాదు మార్కెట్టునకు ప్రత్తి తెచ్చిన రైతును అడుగుడు. తేమ నూటికి 8 వంతులలోపున్నచో కాటన్ కార్పొరేషన్ వారు పూర్తి మద్దతు ధర యిత్తురు. 8 దాటి 12 వఱకు తేమ ననుసరించి ధర తగ్గింతురు. 12 దాటినచో కొనరు. బండి కట్టకముందే ఈ సంగతి తెలిసినచో రైతు రెండుదినములు ఎండబెట్టి తెచ్చుకొనును. దీనిని వాడుకమాటలలో వ్రాసి, ఆ సీజనంతయు మార్కెట్టు విశేషములను వెంటవెంటనే చెప్పు సైటునకు పాఠకులు తామే వత్తురు. నిర్మలలో పొనికికఱ్ఱతో బొమ్మ చేయు క్రమము, కేస్లాపూరున పుష్యమాసమున మెస్రం వంశీయులు జరుపు నాగోబా జాతర, మన యిండ్లలో మిగిలిన పడుగు, పేక, ఆసు, అచ్చు మొదలగు నేతమాటలు - వీనిని కన్నులార చూచి, పెద్దల నడిగి వ్రాసినది ఏ యంత్రమును కూర్చలేదు. ఒకవేళ రాబడి రాకపోయినను ఆ వ్రాత జిల్లాకు ఆస్తియగును.

మూడు, సొంత బేరము. గూగుల్ పంపు ప్రకటన యొక మూల నుండనిండు. రెండవ మూల మన యూరి బట్టల దుకాణపు ప్రకటన, విత్తనముల వర్తకుని ప్రకటన, టైలరు ప్రకటన నేరుగా తెచ్చుకొనుడు. అచ్చట ధర మీరిద్దఱు కూర్చుండి మాటాడుకొనునది. మధ్యవర్తి పాలు లేదు. పంతులుగారి అమృతాంజనమును జ్ఞాపకముంచుకొనుమంటిని గదా! మన చేత చీర యున్నది, పంచె యున్నది, దుప్పటి యున్నది. నేతగాని కుమారుని సైటులో నేతగాని బట్ట కనబడనిచో ఇక నెచ్చట కనబడును? నెలంతయు పరుల ప్రకటనలు చూపి తెచ్చుకొన్నదానికంటె, ఆ సైటు చూచి వచ్చి కొన్నవానికి అమ్మిన నాలుగు చీరలపై మిగులు ఎక్కువ కావచ్చును.

నాలుగు, కలిసి చేయుట. మన పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని వాంకిడిలో 1915లో జన్మించిన కొండా లక్ష్మణ్ బాపూజీ తన జీవితమున చాల భాగము చేనేత సహకారసంఘములను కట్టుటకు వినియోగించెను. నూలు కలిసి కొనవలెను, బట్ట కలిసి అమ్మవలెను; ఒంటరివానికి బేరము చేయు బలము లేదనునదే సహకారసంఘముల మూలసూత్రము. నూలునకు చెల్లిన సూత్రము వ్రాతకును చెల్లును.

కావున ఈ సభవారికి నా మనవి యిది. మన విద్యార్థి వసతిగృహమున ఒక గదిని, రెండు కంప్యూటర్లను ఈ పనికి కేటాయింపుడు. తెలుగు టైపు, చిత్రము తీయుట, లెక్క వ్రాయుట అను మూడును సెలవుదినములలో ఉచితముగా నేర్పింపుడు. ఆడపిల్లలను తప్పక చేర్చుకొనుడు. బయటి ఊళ్లకు పంపుటకు జంకు తల్లిదండ్రులకు ఇది యనుకూలమైన పని. కులముపేర గాక జిల్లాపేర ఒక సైటు పెట్టి, మన పిల్లలచేతను, చేరదలచిన ఇతర కులముల పిల్లలచేతను వ్రాయింపుడు. వచ్చిన ప్రతి రూపాయి లెక్కయు వచ్చే మహాసభలో చదివి వినిపింపుడు. తెలుగుభాషను, వ్రాతదోషములను దిద్దు పని నాకప్పగించినచో వేతనము లేకుండ చేయుదును. పోషకులగు వర్తకమహాశయులు ఏటేట ఈ సంచికకు ప్రకటన లిచ్చి దీనిని అచ్చుకు తెచ్చుచున్నారు. అందులో పదియవ వంతు ఆ సైటునకును ఇచ్చినచో మొదటి సంవత్సరపు వ్యయము గడచిపోవును.

యువకులారా! మీ తాతలు దినమునకు ఎన్ని మూరలు నేసిరో సాయంకాలమున కొలుచుకొనెడివారు. మీరును నేడెంతమంది చూచిరని గంటగంటకు ఫోనులో చూచుకొనుట మాని, ఈ వారము పనికివచ్చు వ్రాత యెంత వ్రాసితినని కొలుచుకొనుడు. చదువును గాని, చేతనున్న ఉద్యోగమును గాని దీనికొఱకు విడువకుడు. దినమునకు ఒక గంట చాలును. అతుకులు లేని బట్టయు, అసత్యము లేని వ్రాతయు ఆలస్యముగానైనను అమ్ముడుపోవును.

 భక్తమార్కండేయుని యనుగ్రహమున మన బిడ్డలు దీర్ఘాయుష్మంతులై, పరుల కూలికి గాక తమ పనికి తామే యజమానులై వర్ధిల్లుదురు గాక!

శుభమ్ భూయాత్.